గడప దాటని వైద్యం



మా పాప పుట్టిన కొత్తలో, లూకన్‌లోని మా ఇంటికి పబ్లిక్ హెల్త్ నర్సు వచ్చి నా భార్యకు పది ప్రశ్నల కాగితం ఇచ్చారు. బాలింతల మనసు ఎలా ఉందో తెలుసుకోవడానికి 1987లో స్కాట్లాండ్‌లో తయారైన ప్రశ్నలవి. అన్నిటికీ బాగానే ఉన్నట్టు టిక్కులు పెట్టి ఇచ్చింది. ఆ రాత్రి వంటింట్లో ఒంటరిగా ఏడుస్తూ కనిపించింది. "నర్సుకు చెప్పలేదేం?" అన్నాను. "దేవుడు బిడ్డనిచ్చాక ఏడుస్తున్నానని ఎలా చెప్పను?" అంది.

నర్సు తప్పేమీ లేదు. కానీ నేను డేటాతో పనిచేసేవాణ్ణి. తప్పుగా ఎక్కిన జవాబు ఆ తర్వాత నిజంలాగే చలామణి అవుతుందని నాకు తెలుసు.

బ్రిటన్‌లో 2019–21 లెక్కల ప్రకారం, గర్భం, ప్రసవాలకు సంబంధించిన మరణాల రేటు తెల్లజాతి స్త్రీలకంటే నల్లజాతి స్త్రీలలో దాదాపు నాలుగు రెట్లు, ఆసియా స్త్రీలలో దాదాపు రెండు రెట్లు. అందుకే తల్లుల ఆరోగ్యంపై పరిశోధనకు వేర్వేరు నేపథ్యాల యువతీ యువకులను తీసుకుని శిక్షణ ఇవ్వాలంటున్నారు. "ప్రతిభ ఉంటే చాలదా? నేపథ్యం ఎందుకు?" అని మనలోనే కొందరు అడుగుతారు.

1890లలో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవ వేదనతో చనిపోయారు. అక్కడ ఐడా స్కడర్ తండ్రి డాక్టరే. కానీ మగ డాక్టరును ఆ ఇళ్లవారు లోపలికి రానివ్వలేదు. ప్రతిభ గడప దాకా వచ్చి ఆగిపోయింది. ఐడా వైద్యం చదివి వేలూరుకు వచ్చారు. తానొక్కతే చాలదని, 1918లో యువతుల కోసం అక్కడే వైద్య పాఠశాల తెరిచారు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలోనూ ఇదే చూస్తాం. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అనుదిన పరిచర్యలో లోటు జరిగినప్పుడు ఏడుగురిని ఏర్పరచారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని అన్నీ గ్రీకు పేర్లే.

అయితే నేపథ్యం ఒక్కటే చాలుతుందా? నేను తెలుగువాణ్ణే, ఆమె భర్తనే. ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ కన్నీళ్లను ముందుగా గుర్తించలేకపోయాను. పుట్టుక వల్ల గడప దాటగలం. లోపలికి వెళ్లాక ఏమి అడగాలో, విన్నదాన్ని ఎలా తూచాలో నేర్చుకోవాల్సిందే. శిక్షణ అవసరమయ్యేది ఇక్కడే.

మన సహవాసంలో నర్సు సహోదరీలు చాలామంది ఉన్నారు. వారిలో ఒక చెల్లి పరిశోధనకు వెళ్తానన్నప్పుడు, "పర్మనెంట్ ఉద్యోగం వదిలి స్టైపెండుకు పోతావా?" అన్నవారిలో నేనూ ఉన్నాను. మనల్ని ఎవరూ అర్థం చేసుకోరని బాధపడతాం. అర్థం చేసుకోవడానికి బయలుదేరిన మన బిడ్డనేమో ఆపుతాం. ఇది న్యాయమా?

చెల్లీ, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీకు క్లాసులున్న సాయంత్రాలు నీ పిల్లలను మా ఇంట్లో దింపు. మేము చూసుకుంటాం.

తల్లుల కన్నీటిని చూచే దేవుడు మనకూ చూచే కన్నులు దయచేయును గాక. ఆమేన్.