పిల్లల చేతికి అందే సామగ్రి

అమ్మడూ,

డీఎస్సీలో గెలిచి ఉద్యోగంలో చేరావు, అదీ ఏకోపాధ్యాయ బడిలో. మొదటి జీతం రాగానే చార్టులు, థర్మాకోలు షీట్లు, స్కెచ్ పెన్నులు కొనడానికి బయల్దేరావని మీ నాన్న చెప్పాడు. ఎంత మురిసిపోయానో! అయినా డబ్బులు తీసే ముందు ఈ పెద్దనాన్న మాట కాస్త విను.

షాపుకి వెళ్లే ముందు పిల్లల నోటుపుస్తకాలు ముందేసుకుని కూర్చో. ఏ సామగ్రి కావాలో అవే చెబుతాయి. మూడో తరగతిలో 52 లోంచి 17 తీసెయ్యమంటే కొందరు 45 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేశారన్నమాట. గోడమీద ఎంత రంగుల చార్టు పెట్టినా ఆ తప్పు కదలదు. కొబ్బరి ఈనెలు విరిపించి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేయించు. కట్టలు కట్టేది పిల్లలే కావాలి సుమా. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు వాళ్ల ముందు పెట్టి పదిహేడు ఇమ్మను. ఒక కట్ట ఇచ్చేస్తారు. ఇంకా ఏడు పుల్లలు కావాలి, విడిగా ఉన్నవి రెండే. కాసేపు నీ మొహంలోకి చూస్తారు. నువ్వు మాత్రం నోరు విప్పకు. ఎవరో ఒకరు “కట్ట విప్పనా టీచర్?” అంటారు. ఆ మాట వాళ్ల నోట వచ్చేదాకా ఓపిక పట్టడమే అక్కడ నీ పని. నాలుగు రోజులు పోయాక పుల్లల బదులు గీతలూ చుక్కలూ గీయించు, ఆ పైన వట్టి అంకెలతో చేయించు. పుల్లలు చేతికివ్వడం ఎంత ముఖ్యమో, వేళకి తీసెయ్యడమూ అంతే ముఖ్యం.

అక్షరాల చార్టు కొనేటప్పుడూ బొమ్మల అందం చూడకు. ఐ అంటే ఐరావతం, ఋ అంటే ఋషి అని ఉంటాయి. నీ బడి ఏజెన్సీ అంచున ఉంది. ఓడ కూడా చూడని పిల్లలు వాళ్లు. ఉడుత, ఈగ, ఎలుక అంటే కళ్లు మెరుస్తాయి. పైగా అక్షరమాల వరసంతా పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. త, ల, ప, క, డ లాంటివి ముందు పట్టుకుంటే తల, పలక, కడప అని మొదటి నెలలోనే చదివేస్తారు. పాత పెళ్లిపత్రికల వెనకవైపు రాసుకుంటే అట్టలకు ఖర్చే లేదు. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలుంటే, బొమ్మని ముందు వాళ్ల మాటలోనే చెప్పనివ్వు. ఆ మాట నువ్వూ నేర్చుకో, తల్లీ.

1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద బడులకు సామగ్రి పెట్టెలు వచ్చాయి. తర్వాత జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) రోజుల్లో సామగ్రి తయారీకి టీచరుకి ఏడాదికి 500 రూపాయలు ఇచ్చేవారు. మంచి ఆలోచనలే. కానీ పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో చాలాచోట్ల ఆ పెట్టెలు బీరువా దాటి బయటికి రాలేదు. నీ బడిలో అలా జరగనివ్వకు. పోతే పోనీ, విరిగితే విరగనీ. పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టు.

ఒక్క టీచరుతో అయిదు తరగతులు ఎలా అని బెంగపడుతున్నావు కదా. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల కోసం చేసిన పని ఒకసారి వెళ్లి చూడు. పాఠాల్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టి, వాటిని నిచ్చెన మెట్లలా వరసపెట్టారు. ఎవరి మెట్టు దగ్గర వాళ్లుంటారు. తన తర్వాతి కార్డు ఏదో పిల్లవాడే వెతికి తెచ్చుకుంటాడు. టీచరు నిజంగా అవసరమైనవాళ్ల పక్కన కూర్చుంటుంది. తమిళనాడు తన బడుల్లో కృత్యాధార బోధన పద్ధతి పెట్టుకున్నప్పుడు ఇక్కడినుంచే నేర్చుకుంది. కార్డులు నువ్వూ రాసుకోవచ్చు. రాసినవి ముందు ముగ్గురు నలుగురికి ఇచ్చి చూడు. చురుకైనవాళ్లకే కాదు, వెనకబడినవాళ్లకీ ఇవ్వు. “ఇప్పుడేం చెయ్యాలి టీచర్?” అని అడిగారంటే ఆ కార్డు తిరగరాయాల్సిందే.

విద్యావేత్త గిజుభాయి రాసిన ‘పగటి కల’ చదివావా? 1930ల నాటి గుజరాతీ పుస్తకం, తెలుగులో దొరుకుతుంది. అందులో నాలుగో తరగతి మాస్టారు పాఠ్యపుస్తకాలకయ్యే డబ్బుతో కథల పుస్తకాలు కొనిపించి తరగతిలోనే గ్రంథాలయం పెట్టిస్తాడు. నువ్వు పాఠ్యపుస్తకాన్ని వదలనక్కర్లేదు కానీ, థర్మాకోలుకి పెట్టాలనుకున్న డబ్బుతో కథల పుస్తకాలు కొను. చిరిగేదాకా చదవనీ.

పెద్ద పిల్లలకు సామగ్రి ఊళ్లోనే ఉంది. పాలకేంద్రం వాళ్లిచ్చే చీటీ తెమ్మను. లీటర్లు, వెన్న శాతం, రేటు, మొత్తం అన్నీ దానిమీదే ఉంటాయి. అయిదో తరగతిలో దశాంశాలకు అంతకంటే మంచి పాఠం నాకు తెలీదు. నిన్నటికీ ఇవాళ్టికీ డబ్బులో తేడా ఎందుకొచ్చిందో లెక్కకట్టి, ఇంటికెళ్లి అమ్మకి చెప్పమను. బడిలో స్మార్ట్ టీవీ ఉంటే మంచిదే, వాడుకో. రెండు నిమిషాలకోసారి వీడియో ఆపి, తర్వాత ఏమవుతుందో అడుగుతూ ఉండు.

మండలంలో బోధన సామగ్రి (టీఎల్ఎం) మేళా పెట్టినప్పుడు దానికోసమని రాత్రంతా కూర్చుని కొత్తవి తయారుచెయ్యకు. బడిలో పిల్లలు వాడుతున్నవే పట్టుకెళ్లు. ఏ కార్డు ఎన్నిసార్లు మార్చావో, ఎందుకు మార్చావో చూసేవాళ్లకు చెప్పు. పక్క బడి టీచర్లకు పనికొచ్చేది అదే.

ఆశీస్సులతో,
పెద్దనాన్న