కర్మ, రాగి, ఒక రక్తపరీక్ష

కుర్రాడి చేతులు వణుకుతాయి, మాట ముద్దగా వస్తుంది, తగ్గాయనుకున్న కామెర్లు తిరగబెడతాయి. తోట్లవల్లూరులోనైనా, కృష్ణ ఒడ్డున మరే ఊళ్లోనైనా అప్పుడు తల్లి చెవిన పడే మాట ‘ఏ జన్మలో చేసిన పాపమో’ అన్నదే. 1912లో నరాల వైద్యుడు కినియర్ విల్సన్ వర్ణించిన జబ్బు ఇలాగే బయటపడవచ్చు. ఏటీపీ7బి అనే జన్యువు చెడితే కాలేయం రాగిని పిత్తంలోకి పంపలేదు, సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీనుకూ సరిగా అందించలేదు. రక్తంలో ఆ ప్రోటీను తగ్గుతుంది, రాగి కాలేయంలోనూ మెదడులోనూ పేరుకుంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడితేనే జబ్బు. మేనరికాల్లో ఆ అవకాశం ఎక్కువ. దీన్ని కర్మఫలమని నమ్మేవారితో నాకు తగవు లేదు. ఆ నమ్మకం పేరుతో సెరులోప్లాస్మిన్‌ను కొలిచే రక్తపరీక్ష మానుకోవడం మాత్రం శాస్త్రానికే కాదు, ధర్మానికీ విరుద్ధమంటాను.

ఆయుర్వేదాచార్యుడు చరకుడు తన సంహితలోని విమానస్థానంలో కర్మా, ప్రయత్నమా అన్న ప్రశ్నకు ఎదురు నిలిచాడు. ఆయుష్షు దైవం మీదా పురుషకారం, అంటే మనిషి ప్రయత్నం మీదా ఆధారపడుతుందన్నాడు. అంతా ముందే రాసి ఉంటే మందులూ మంత్రాలూ దేనికని అడిగాడు. శాంతి చేయించే ఇల్లు ప్రయత్నానికి చోటుందని అప్పటికే ఒప్పుకున్నట్టే. ఇక్కడ ఆ ప్రయత్నానికి ఫలమూ ఉంది: 1956లో వైద్యుడు జాన్ వాల్ష్ పెనిసిలమిన్‌ను ఈ జబ్బుకు మందుగా చూపాడు, జింకూ పనిచేస్తుంది. లక్షణాలు రాకముందే మొదలుపెట్టి జీవితాంతం వాడితే చాలామంది మామూలుగా బతుకుతారు. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగో వంతు అవకాశం ఉంది కాబట్టి, ఆడుకుంటున్న చెల్లెలికీ పరీక్ష చేయించాలి.

పరీక్షే తప్పితే? తప్పవచ్చు. రక్తంలో సెరులోప్లాస్మిన్ డెసిలీటరుకు 20 మిల్లీగ్రాములకు తగ్గితే అనుమానం, 10కి దిగితే బలమైన అనుమానం. కానీ వాపు, గర్భం ఆ అంకెను పెంచుతాయి, పోషకాహార లోపం తగ్గిస్తుంది. న్యాయదర్శనం చదివిన నైయాయికులు ఇలాంటి నిలకడలేని హేతువును సవ్యభిచారమంటారు. అందుకే 24 గంటల మూత్రంలో రాగి, కంటి నల్లగుడ్డు అంచున వలయం, జన్యుపరీక్ష కలిపి చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు ఈ భయమెందుకన్నది ఇంతకన్నా బరువైన అభ్యంతరం. మందులేని జబ్బయితే నేనూ వెనుకాడేవాణ్ణి. మందున్నప్పుడు తెలియకపోవడం ఆ పిల్లకు శాంతినివ్వదు, కాలేయాన్ని హరిస్తుంది. ఒక్క చెడ్డ ప్రతే ఉన్నవారిలోనూ సెరులోప్లాస్మిన్ కాస్త తగ్గవచ్చు. వారు రోగులు కారు. డాక్టరు ఆ సంగతి ఇంటిల్లిపాదికీ విడమరచి చెప్పాలి, లేకుంటే ఆ అంకె రేపు పెళ్లి మాటల్లో ఆ అమ్మాయికి అడ్డు నిలుస్తుంది.