మత్తు పీల్చే పసివాడిది పాపమా?

పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్, థిన్నర్లలో ఉండే టోలీన్ ఆవిరి క్షణాల్లో మెదడుకు చేరుతుంది. రైల్వే స్టేషన్లలో బతికే పిల్లలు గుడ్డపేలిక తడిపి ముక్కుకు అదుముకుంటారు. కాసేపు ఆకలి, చలి, భయం తెలియవు. మత్తు దిగగానే మళ్లీ కావాలనిపిస్తుంది. ఎయిమ్స్ 2019 నివేదిక ప్రకారం ఈ వాడకం పెద్దల్లో 0.58 శాతం కాగా, 10–17 ఏళ్ల పిల్లల్లో 1.17 శాతం.

ఈ వ్యసనానికి బాధ్యులెవరు? తాగి తప్పు చేసినవాడిదే బాధ్యత, తాగకుండా ఉండడం అతని చేతిలోనే ఉంది కదా అన్నాడు అరిస్టాటిల్. భగవద్గీత రెండో అధ్యాయం పతనాన్ని మెట్లుగా చూపింది: విషయచింతన, సంగం, కామం, క్రోధం, సమ్మోహం, స్మృతిభ్రంశం, చివరికి బుద్ధినాశం. అంటే మొదటి మెట్టు మీద ఉన్న స్వేచ్ఛ చివరి మెట్టు మీద మిగలదు. వైద్యమూ ఇదే చెబుతోంది: టోలీన్‌ను ఏళ్ల తరబడి పీలిస్తే మెదడులోని తెల్లపదార్థం దెబ్బతింటుంది, నిగ్రహానికి ఆధారమైన అవయవమే చెడిపోతుంది.

ఇల్లూ తిండీ లేని పసివాడికి ఆ మొదటి మెట్టు దగ్గరా నిజమైన ఎంపిక లేదు. బుద్ధుడు ఉపాసకులకు నిషేధించిన ఐదు వ్యాపారాల్లో మత్తు పదార్థాల అమ్మకం ఒకటి. అమ్మేవాడికీ బాధ్యత ఉందని దాని అర్థం. కాబట్టి ఇక్కడ పాపం పిల్లవాడిది కాదు. అతనికి కావలసింది చికిత్స, ఆశ్రయం, అక్కున చేర్చుకునే మనిషి.