పలక తుడిస్తే పోతుందా?

మా ఇంట్లో ల్యాప్‌టాప్ మీట నొక్కి, బియ్యం కడిగి ఎసట్లో పోసి, కూరకు నాలుగు వంకాయలు తరిగి వచ్చినా అది ఇంకా కళ్లు నులుముకుంటూనే ఉండేది. 2016లో కొన్నాం. మనుషులకు పదేళ్లంటే పసితనమే కాని, యంత్రాలకు కాటికి కాళ్లు చాచుకునే వయసట. నా నవలలు నాలుగూ దాని ఒళ్లోనే పుట్టాయి కనుక, ఎంత విసుగొచ్చినా దాన్ని పల్లెత్తు మాట అనేదాన్ని కాదు.

"నీది ఇంకా మీటరుగేజీ బండేనోయ్" అని మావారి వేళాకోళం. దొనకొండలో ఉండేవాళ్లకు ఈ మాట కాస్త సూటిగానే తగులుతుంది. గుంటూరు నుంచి నంద్యాల వైపు పోయే మా లైను 1990లలో బ్రాడ్‌గేజీ అయింది. మీటరు వెడల్పు పట్టాల చోట 1676 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాలొచ్చాయి. ఊళ్ల పేర్లేమీ మారలేదు. కురిచేడు దాటాక మా ఊరు, మా తర్వాత గజ్జెలకొండ, ఆపైన మార్కాపురం రోడ్డు. బండ్లకు వేగం వచ్చింది. కాని ఒకనాడు ఇక్కడ బొగ్గు ఇంజన్ల షెడ్డూ, దాన్ని నమ్ముకున్న సంసారాలూ ఉండేవి. ఆ సందడి మీటరుగేజీతోనే పోయింది. కొత్త పట్టాల మీదికి మారేటప్పుడు ఏదో ఒకటి వెనక ఉండిపోతుంది.

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా అబ్బాయి నా ల్యాప్‌టాప్‌ను తిరగేసి చూసి, "దీనికి జబ్బేమీ లేదమ్మా. లోపలి హార్డ్‌డిస్కు పాతబడింది. అది తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే పరుగెడుతుంది" అన్నాడు.

వాడు చెప్పగా నాకు అర్థమైంది ఇదీ. హార్డ్‌డిస్కు మన గ్రామఫోనుకు దూరపు చుట్టం. లోపల పళ్లెం నిమిషానికి 5400 చుట్లు తిరుగుతూంటే, ఓ సన్నని చెయ్యి ఆ మూలకీ ఈ మూలకీ పరుగెత్తి కావలసింది వెతుక్కుంటుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, పరుగెత్తేదీ లేదు. కంటికి ఆనని గదుల్లో విద్యుత్తును బంధించి ఉంచుతారు. ఏ గది కావాలంటే ఆ గది తలుపే నేరుగా తట్టవచ్చు. జపానులో తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980లలో కనిపెట్టిన ఫ్లాష్ మెమరీయే దీనికి మూలమట.

సరే, కొత్త డిస్కు తెప్పించాం. అక్కడే అసలు చిక్కు. కొత్తదానిలోకి కాపురం మార్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవడం. రెండోది, పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దింపడం. దీన్ని క్లోనింగ్ అంటారు. ఉత్త ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలదు. సామాన్లన్నీ తెచ్చి పొయ్యి మరిచిపోయిన కాపురంలా ఉంటుంది. యంత్రాన్ని నిద్ర లేపే భాగం కూడా రావాలి.

"మొదటినుంచి ఎక్కిద్దామమ్మా. పదేళ్ల చెత్త పోతుంది. పలక తుడిచినట్టు హాయిగా ఉంటుంది" అన్నాడు వాడు.

పలక అనగానే నాకు నవ్వొచ్చింది. మార్కాపురం పలకలు తెలియని తెలుగింటి ఆడపిల్ల ఉందా, చెప్పండి? నేను పెరిగిందీ ఆ ఊళ్లోనే. నాకూ చెల్లెలికీ కలిపి ఒకటే రాతిపలక. ఒక వైపు నాది, ఒక వైపు దానిది. కోవాకూ బొగ్గూ కలిపి రుద్దితే నల్లగా నిగనిగలాడేది. కాని ఎండలో ఏటవాలుగా పట్టి చూస్తే నిన్నటి 'అ ఆ'లు ఇంకా సన్నగా కనిపించేవి. పలకను తుడవడం అంత తేలికేం కాదని నాకు అప్పుడే తెలుసు.

అందుకే క్లోనింగే చెయ్యమన్నాను. దానికి నాకో సాకు కూడా ఉంది. నా మొదటి రెండు నవలలు యూనికోడ్ కాని పాత ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేనిచోట వాటిని తెరిస్తే నా కథానాయిక కన్నీళ్లన్నీ అర్థం లేని గుర్తులైపోతాయి.

కాని పాత డిస్కు 1 టీబీ, కొత్తది 240 జీబీ. ఉన్న సరుకేమో దానికి మించి ఉంది. "అక్కర్లేనివి తీసెయ్యి, మిగతాది నేను చూసుకుంటా" అని వాడు మిత్రుల దగ్గరికి వెళ్లిపోయాడు. నేను అటక దులిపే ఇల్లాలిలా కొంగు బిగించి కూర్చున్నాను. ఒకే పెళ్లికి పన్నెండు వందల ఫోటోలు! ఎప్పుడూ వండని వంటల వీడియోలు! అవన్నీ తీసేస్తూ పోతూంటే, ఒక మూల 2019లో చెల్లెలికి రాసిన ఉత్తరం దొరికింది.

నాన్న పోయాక ఇంటి వాటాల దగ్గర మాకు మాట పట్టింపు వచ్చింది. ఫోనులో చెబితే కోపం చాలదనిపించి, టైపు చేసి, ప్రింటు తీసి, పోస్టులో వేశాను. జవాబు రాలేదు. అప్పటినుంచి పెళ్లిళ్లలో ఎదురుపడితే "బాగున్నావా", "బాగున్నా". అంతే.

మళ్లీ చదివాను. ఒక్క అచ్చుతప్పు లేదు. కోపంలోనే నా వచనం బాగుంటుంది కాబోలు! లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివర మాత్రం ఒక వాక్యం ఉంది. నాన్న మంచంలో ఉన్నప్పుడు నువ్వెక్కడున్నావని అడిగాను. ఆ రోజుల్లో అది తన పసివాడితో ఆస్పత్రిలో ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను.

డిలీట్ మీట మీద వేలు పెట్టాను. ఒక్క నొక్కుతో పోతుంది. ఇక అలాంటి మాట నేను అన్న గుర్తు నా ఇంట్లో ఉండదు. అప్పుడు తట్టింది, కాయితం మీది ప్రతి దాని దగ్గరుందిగా! నేను తుడిచేది నా వైపు పలకనే. మాట అన్నవాళ్లకు తుడిచేసుకోవాలని ఆత్రం ఉంటుంది. పడ్డవాళ్లకు ఆ సదుపాయం ఎవరిచ్చారు? "జరిగిందేదో జరిగింది, మరిచిపోదాం" అని మొదట అనేది ఎప్పుడూ తప్పు చేసినవాళ్లేనని మీరెప్పుడైనా గమనించారా? ఆ మాట అనే హక్కు అవతలివాళ్లదని నాకు నలభై దాటాక గాని తెలియలేదు.

సాయంత్రం వాడు వచ్చాక అడిగాను. "ఒరేయ్, డిలీట్ చేస్తే నిజంగా పోతుందా?"

"హార్డ్‌డిస్కులో వెంటనే పోదమ్మా. విషయసూచికలోంచి పేరు కొట్టేస్తుంది, అంతే. అసలుది అక్కడే ఉంటుంది. ఆ జాగాలో ఇంకోటి రాస్తేనే పాతది పోయేది."

వాడు యంత్రం సంగతే చెప్పాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏడేళ్లుగా నేను చేసింది సూచికలోంచి పేరు కొట్టెయ్యడమే. ఆ జాగాలో మరో మంచి మాట ఒక్కటీ రాయలేదు.

మర్నాడు పొద్దున్నే చెల్లెలికి ఫోను చేశాను. "ల్యాప్‌టాప్ సర్దుతుంటే నేను నీకు రాసిన ఉత్తరం కనబడిందే" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

"నా దగ్గరా ఉందక్కా" అంది.

"ఆ చివరి మాట అనకూడదు. నువ్వు ఆస్పత్రిలో ఉన్నావని తెలిసే అన్నాను."

మళ్లీ మౌనం. "నీకు తెలియదేమో అనుకుని సర్దిచెప్పుకున్నాను ఇన్నాళ్లూ" అంది నెమ్మదిగా. క్షమించానని అనలేదు. అనమని నేనూ అడగలేదు. ఫోను పెట్టేసే ముందు మాత్రం, "వాడిప్పుడు ఏడో తరగతి అక్కా" అంది. వేసవి సెలవులకు తీసుకురమ్మన్నాను. చూస్తానంది.

క్లోనింగ్‌కు మూడు గంటలు పట్టింది. ఫోటోలు పోయాయి, వంటల వీడియోలు పోయాయి. ఆ ఉత్తరాన్ని మాత్రం కొత్త డిస్కులోకి రానిచ్చాను. "ఇదెందుకమ్మా?" అన్నాడు అబ్బాయి. "ఉండనీరా, మీ పిన్ని తుడవమన్ననాడు తుడుస్తాలే" అన్నాను.

ఇప్పుడు మీట నొక్కితే గుక్కెడు కాఫీ తాగేలోగా తెర వెలుగుతోంది. అన్నీ చటుక్కున తెరుచుకుంటున్నాయి, ఆ ఉత్తరంతో సహా. అది చదివినప్పుడల్లా కష్టంగానే ఉంటుంది. వేసవిలో పిల్లాడు వస్తాడని, వాడి కోసం నా పాత రాతిపలకను అటక మీంచి దింపి, కోవాకు కోసం పెరడంతా వెతుకుతున్నాను.