ఎర్రనీళ్ళ దారి

కోనసీమలో ఓ ఊరు. ఊరి చివర పీచు మిల్లు. కొబ్బరి డొక్కల నుంచి కిలో పీచు తీస్తే రెండు కిలోల దాకా పొట్టు రాలేది. పీచు లారీ ఎక్కేది, పొట్టు రోడ్డు పక్కన గుట్ట పడేది. వానొస్తే ఆ గుట్టలోంచి కాఫీ డికాషన్ లాంటి నీళ్ళు కారి పంట బోదెలో కలిసేవి. ఎండాకాలం ఎవరైనా బీడీ ముక్క విసిరితే లోలోపల రోజుల తరబడి రగిలేది.

మిల్లులో తట్టలు మోసే మామ్మ ఒకావిడ ఉండేది. ఓ మధ్యాహ్నం గుట్ట పక్కన చతికిలబడి ఊరికే చెయ్యి లోపలికి పోనిచ్చింది. పైన పొడి, జానెడు లోతున తడి. వాన పడి నెల దాటింది మరి! కామందుని అడిగింది.

"పట్టుకుపో మామ్మా, నాకు అడ్డం తగ్గుద్ది."

మామ్మకి ఇంటి వెనక పది సెంట్లుంది. సంచుల్లో పొట్టు నింపి మిరప నారు, బంతి నారు పెట్టింది. పదిహేను రోజులకి ఆకులు పసుపెక్కి అంచులు మాడాయి.

"ఆ గుట్ట మీద గడ్డయినా మొలిచిందా మామ్మా ఎప్పుడైనా?" అని కొట్టు దగ్గర ఒకడు నవ్వాడు.

నవ్వుకేం గానీ, ప్రశ్న మంచిదే. ఎందుకు మొలవలేదు? మామ్మ చిటికెడు పొట్టు నాలిక మీద వేసుకుంది. ఉప్పన, వెనకే వగరు. తొట్టిలో పోసి మూడు నీళ్ళు కడిగింది. ఉప్పు పోయింది, మొక్క మాత్రం ఇంకా నీరసంగానే ఉంది. వ్యవసాయ డిప్లొమా చదివే మనవడు సెలవులకొచ్చి సంగతి చెప్పాడు. పచ్చి పొట్టులో కర్బనం నత్రజనికి వంద రెట్ల పైమాటేనట. దాన్ని అరిగించుకునే సూక్ష్మజీవులు మొక్క నోటికాడి నత్రజని లాగేస్తాయట. టన్ను పొట్టుకి అయిదు కిలోల యూరియా, కిలోన్నర ముత్యపుచిప్ప పుట్టగొడుగు విత్తనం పొరలు పొరలుగా వేసి, తడి ఆరనివ్వకుండా నెల రోజులు ఆగమన్నాడు. మామ్మ ఆగింది. పొట్టు నల్లబడి, పిడికిట్లో తొలకరి మట్టిలా వాసనేసింది. ఆ ఏడు కడియం నర్సరీవాళ్ళు వ్యాన్ వేసుకొచ్చారు.

కథ ఇక్కడితో ఆపేసేవాళ్ళే ఎక్కువ. చెత్తలోంచి బంగారం, చప్పట్లు, అయిపోయింది. కానీ మామ్మ తొట్టిలోంచి రోజూ ఎర్రనీళ్ళు ఎటు పోతున్నాయి? ఆ బోదెలోకే.

దిగువ రైతు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "గుట్ట చేసే పని ఇప్పుడు నువ్వు చేస్తున్నావు మామ్మా."

మామ్మ మాట్లాడలేదు. ఆ రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే వాళ్ళత్త గుర్తొచ్చింది. కొబ్బరి మొక్క పెట్టేటప్పుడు గోతిలో దోసెడు ఉప్పు వేసేది ఆవిడ. కొబ్బరికి క్లోరైడ్ కావాలి, పొటాష్ మరీ కావాలి. ఆ నీళ్ళలో ఉన్నవి అవే, డొక్కతో పాటు చెట్టు దగ్గర్నుంచి వచ్చినవే. తెల్లారి మామ్మ పలుగు తీసుకుని బోదె వైపు గండి పూడ్చేసింది. పెరట్లోని కొబ్బరి చెట్లకి చిన్న కాలవ తీసి, ఒకే చెట్టుకి ఎక్కువ కాకుండా వంతులు పెట్టింది.

ఈలోగా కామందు కూడా కడగని పొట్టునే బస్తాలకెత్తి ఎరువని అమ్మాడు. బస్తాలు తిరిగొచ్చాయి. ఓ సాయంత్రం మామ్మ పెరట్లోకొచ్చాడు.

"కడగడం తెలిసింది మామ్మా. ఆ నీళ్ళేం చేస్తున్నావ్?"

"చెట్టు అప్పు చెట్టుకి తీరుస్తున్నానయ్యా."

నీతి: పనికిరానిదాన్ని పనికి తెచ్చినవాడు, ఆ పనిలోంచి కారే నీళ్ళకి కూడా దారి చూపాలి.

కొబ్బరి పొట్టు ఇప్పుడు దిమ్మలై ఓడలెక్కుతోంది. పీచుతో నేసిన భూవస్త్రాన్ని గ్రామీణ రోడ్ల కింద పరవడానికి కేంద్రం 2020లో ఒప్పుకుంది. బాగుంది. మామ్మయితే దిమ్మ కొనే ముందు మిల్లు వెనక్కి నడుస్తుంది, బోదె రంగు చూడ్డానికి.