పండితవాదం, రాజవాదం

పెద్దలతో జరిపిన సంభాషణలను పుస్తకాలలోను, పత్రికలలోను చదవడం మనకు అలవాటే. ఒక కవినో, శాస్త్రజ్ఞుణ్ణో, చిత్రకారుణ్ణో కూర్చోబెట్టి సంస్కృతిని గురించి, చరిత్రను గురించి, సమాజాన్ని గురించి ప్రశ్నలు వేస్తాం. వచ్చిన జవాబులను అచ్చువేస్తాం. జవాబు చెప్పేవాడి గొప్పతనాన్ని గురించి మన విమర్శకులు చాలా వ్రాశారు. ప్రశ్న వేసినవాడి ధర్మాన్ని గురించి వ్రాసింది బహు తక్కువ. తనకు రుచించని జవాబు వచ్చినప్పుడు అడిగినవాడు యేం చెయ్యాలి? ఈ వ్యాసంలో పరిశీలించదలచింది ఆ ఒక్క ప్రశ్ననే.

ప్రశ్న పాతదే. బృహదారణ్యకంలో గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి ఒక ప్రశ్నమీద మరొక ప్రశ్న అడుగుతూ పోయింది. బ్రహ్మలోకాలు దేనిలో అల్లుకొని వున్నాయని అడిగేసరికి, ఇంకా అడిగితే నీ తల రాలిపడుతుందని ఆయన హెచ్చరించాడు. ఆమె వూరుకుంది. తరవాత మళ్ళీ లేచి అడిగిన మాట నిజమే కాని, మొదటిసారి ఆమె వూరుకున్నది జవాబు దొరికినందువల్ల మాత్రం కాదు.

దీనికి యెదురుగా బౌద్ధవాఙ్మయంలోని మిళిందపన్హను నిలిపి చూడాలి. మిళిందుడు, అంటే క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దపు గ్రీకు రాజు మినాండరు, తనతో చర్చించమని నాగసేన భిక్షువును అడుగుతాడు. పండితులు వాదించే తీరున వాదిస్తానంటే సరే, రాజులు వాదించే తీరున అయితే నేను రానంటాడు నాగసేనుడు. రెంటికీ తేడా యేమిటని రాజు అడిగితే అతడిచ్చిన వివరణ యిది: పండితుల వాదంలో చిక్కులు పడతాయి, విడిపోతాయి; ఒకరి తప్పు మరొకరు చూపుతారు; అయినా యెవరికీ కోపం రాదు. రాజులు ఒక మాట అంటారు, దానికి కాదన్నవాడికి శిక్ష వేస్తారు. మిళిందుడు పండితవాదానికే ఒప్పుకున్నాడు. సంభాషణకు నీతిశాస్త్రం కావాలంటే మనం పరదేశాలకు పోనక్కరలేదు.

ఈ గీటురాయిమీద 1930లో జరిగిన రెండు సంభాషణలను పెట్టి చూద్దాం. రెంటిలోను రవీంద్రనాథ టాగోరే వున్నాడు.

మొదటిది ఆ యేడు జులై 14న బెర్లిన్ దగ్గర కాపుత్‌లో ఐన్‌స్టీన్ యింట జరిగింది. సత్యం మానవునిపై ఆధారపడి వుందా, లేదా అన్నది అక్కడి సమస్య. సత్యమూ సౌందర్యమూ రెండూ మానవ చైతన్యంతో ముడిపడినవే అన్నాడు టాగోరు. సౌందర్యం విషయంలో ఐన్‌స్టీన్ ఒప్పుకున్నాడు. సత్యం విషయంలో ఒప్పుకోలేదు. ఇంట్లో యెవరూ లేకపోయినా బల్ల వున్నచోటనే వుంటుందని ఆయన వాదం. వ్యష్టి మనస్సుకు అందకపోయినా అది విశ్వమానవ మనస్సుకు అందుతుందని రవీంద్రుని సమాధానం. తన విశ్వాసాన్ని తాను నిరూపించలేనని ఐన్‌స్టీన్ దాచకుండా చెప్పాడు. ఎవరూ గెలవలేదు. ఆ సంభాషణ ఆ యేడే అచ్చయింది; మరుసటి యేడు టాగోరు తన ‘మానవధర్మం’ ఇంగ్లీషు గ్రంథానికి దానిని అనుబంధంగా చేర్చుకున్నాడు. తన వాదానికి యెదురుగా పలికినవాడి మాటలను తన పుస్తకంలోనే భద్రపరిచాడన్నమాట. ఇది పండితవాదం.

రెండవది రెండు నెలల తరవాత మాస్కోలో జరిగింది. టాగోరు సోవియట్ దేశంలో రెండు వారాలున్నాడు. రైతులతో మాట్లాడాడు, పయొనీరు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పాడు. అక్షరం మొహం యెరుగని కోట్ల ప్రజానీకానికి కొద్ది యేళ్ళలో చదువు చెప్పిన తీరు చూసి ఆయన అచ్చెరువొందాడు. మన దేశంలో నూరేళ్ళకు పైబడిన తెల్లవారి పాలన చేయనిది అక్కడ యెలా జరిగిందని మథనపడ్డాడు. 1931లో బెంగాలీలో వెలువడిన ఆయన ‘రష్యా లేఖలు’ అందుకు సాక్ష్యం. కాని సెలవు తీసుకునే ముందు ‘ఇజ్వెస్తియా’ పత్రికవారితో మాట్లాడుతూ ఆయన మరికొన్ని సంగతులు కూడా చెప్పాడు. చదువు విషయంలో మెచ్చుకుంటూనే, పిల్లల మనస్సులలో పగను పెంచుతున్నారా అని అడిగాడు. భిన్నాభిప్రాయానికి చోటివ్వమన్నాడు, అందరూ ఒకే విధంగా ఆలోచించే లోకం నిస్సారమవుతుందన్నాడు, హింస హింసనే కంటుందన్నాడు. ఈ సంభాషణ ఆ పత్రికలో అప్పుడు రాలేదు. వచ్చింది 1988లో, అంటే 58 యేళ్ళ తరవాత. అప్పటికి అడిగినవాళ్ళూ లేరు, చెప్పినవాడూ లేడు.

తెల్లదొరలు యేం చేశారు? 1934లో ఆ లేఖలలో కొంత భాగం ‘మోడరన్ రివ్యూ’లో ఇంగ్లీషులో వచ్చేసరికి, ఇకముందు వెయ్యవద్దని ప్రభుత్వం పత్రికను హెచ్చరించింది. బెంగాలీలో అప్పటికే వున్న మాటలు ఇంగ్లీషులో రాకూడనివయ్యాయి! పుస్తకం మొత్తం ఇంగ్లీషులో రావడానికి 1960 దాకా ఆగవలసివచ్చింది. ఒకరికి ఆయన మెప్పు పనికిరాలేదు. మరొకరికి ఆయన హెచ్చరిక పనికిరాలేదు. సామ్రాజ్యవాదులు రాజవాదం చేశారంటే ఆశ్చర్యం లేదు, అది వారి వృత్తి. మనల్ని బాధపెట్టవలసింది రెండవది.

ఇక్కడ మన మిత్రులు రెండు ఆక్షేపణలు తెస్తారు. రెండూ తేలిగ్గా కొట్టిపారేయదగినవి కావు.

శత్రువులు చుట్టుముట్టివున్న దేశం, తనను గురించిన విమర్శను తానే అచ్చువేసి శత్రువు చేతికి ఆయుధం యివ్వాలా అన్నది మొదటిది. ఆ చుట్టుముట్టడం కల్పన కాదు; అంతర్యుద్ధకాలంలో పద్నాలుగు దేశాలు జోక్యం చేసుకున్నాయని చరిత్ర చెబుతూనే వుంది. కాని ‘ఇజ్వెస్తియా’ పాఠకుడెవరు? శత్రువు కాదు, ఆ దేశపు కార్మికుడు, ఉపాధ్యాయుడు, విద్యార్థి. దాచిన మాట దాచబడింది వారినుంచి. పైగా మాట వేయనంతమాత్రాన రవీంద్రుని సందేహం చావలేదు. మనిషిని మూసలో పోసి నిలబెట్టలేమన్న ఆందోళనను ఆయన తన లేఖలలోనూ వ్రాశాడు. మిత్రుడి మాటను ముందుగా విని, జవాబు చెప్పే అవకాశం మాత్రం చెయ్యిజారిపోయింది. భిన్నాభిప్రాయం నేరంగా మారిన ముప్ఫయిలనాటి ఆఖరి యేళ్ళను తలచుకుంటే, ఆ హెచ్చరిక యెంత అవసరమైనదో తెలుస్తుంది.

టాగోరు జమీందారీ కుటుంబీకుడు, ఆయన మానవతావాదానికి వర్గపరిమితి వుందన్నది రెండవది. ఉంది. ఆ పరిమితిని చూపవలసిందే. కాని దేనిలో చూపుతాం? ఆయన మాట పాఠకుని ముందు వుంటే కదా దాని వర్గస్వభావాన్ని విశ్లేషించగలిగేది! విమర్శ చేసేవాడికి మూలం కావాలి. కత్తెర పట్టినవాడికి మూలంతో పనిలేదు. 1842లో ‘రైనిషె జైటుంగ్’ పత్రికలో పత్రికాస్వేచ్ఛ కోసం వ్రాసి, మరుసటి యేడు ప్రష్యా ప్రభుత్వం ఆ పత్రికనే మూయించగా చూసిన మార్క్స్ యెవరి పక్షాన నిలిచాడో మన విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు.

తిరిగి ఆ బల్ల దగ్గరికి వద్దాం. మనం భౌతికవాదులం, ఈ వివాదంలో ఐన్‌స్టీన్ వైపు వుండవలసినవాళ్ళం. యథార్థం మన యిష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా వుందనేది మన సిద్ధాంతానికి పునాది. ఇంట్లో యెవరూ లేకపోయినా బల్ల వుండేమాట నిజమైతే, పత్రికలో అచ్చుకాకపోయినా లోపం వుండనే వుంటుంది. కనుక యిష్టంలేని మాటను దాచే హక్కు అందరికన్న తక్కువగా వున్నది భౌతికవాదికే. దాచినవాడు, చూడకపోతే వస్తువు లేదనుకునే భావవాదంలోకి తనకు తెలియకుండానే జారిపోతున్నాడు. రవీంద్రుని వైపునుంచి ఆలోచించినా ఫలితం మారదు. సత్యం విశ్వమానవునికి అందేదే అయితే, ఒక గొంతును తీసివేసిన తరవాత మిగిలేది విశ్వమానవుడెలా అవుతాడు?

ఇంత చెప్పి నా సంగతి దాచుకోవడం న్యాయం కాదు. కొన్నేళ్ళ క్రితం ఒక వృద్ధ రచయిత దగ్గరికి వెళ్ళి ఒక సంచికకోసం సంభాషణ వ్రాసుకున్నాను. మన సంఘాలు ప్రజలను గురించి వ్రాస్తాయి, ప్రజల మాట వినవు అన్నారాయన. ఉదాహరణలు కూడా యిచ్చారు. శుద్ధప్రతి వ్రాసేటప్పుడు ఆ రెండు పేరాలు తీసేశాను. ఎవరూ తియ్యమనలేదు, స్థలం చాలదని నాకు నేనే చెప్పుకున్నాను. సంచిక చేరిన తరవాత ఆయన ఒక కార్డు వ్రాశారు. నిందించలేదు. “బాగా వచ్చింది నాయనా, నేనన్నవాటిలో నీకు నచ్చినవన్నీ వున్నాయి” అని మాత్రం వ్రాశారు. ఆయన యిప్పుడు లేరు. నేను కోసిన రెండు పేరాలు నా నోటుపుస్తకంలో వున్నాయి, నా చేతివ్రాతలో.

నాకు శిక్ష వేస్తానన్న రాజెవరూ లేరు. రాజవాదానికి సింహాసనం అక్కరలేదని నాకప్పుడు తెలిసింది. ఒక కలం, కొంచెం భయం చాలు. యథార్థవాది లోకవిరోధి అన్న సామెతను మనం తరచు వాడుతుంటాం, ఆ లోకంలో మనమూ వున్నామన్న సంగతి మరచిపోయి.

కాబట్టి పెద్దల దగ్గరికి ప్రశ్నలు పట్టుకు వెళ్ళే యువకులకు నేను చెప్పదలచింది యిదే. ప్రశ్నలు గట్టిగా అడగండి. వారి జవాబుతో పేచీ పడండి. తప్పుంటే అదే పుటలో, మీ పేరుతో, మీ వాదంతో చూపండి. కాని అడిగినప్పుడే జవాబుకు బాకీ పడ్డారని గుర్తుంచుకోండి. ఆ బాకీ చెప్పినవారికీ, చదివేవారికీ కూడా తీర్చవలసినది. ఆ రెండు పేరాలు వచ్చే సంచికకు పంపుతున్నాను. వాటికి జవాబు వ్రాయగలవారు వ్రాయండి.