కట్లు విప్పవలసినవారు

(ధ్యానభాగము: యోహాను 11:38–44)



లాజరు బ్రదికి సమాధినుండి బయటికి వచ్చెను గాని వాని కట్లు వానితోనే వచ్చెను. ప్రాణమిచ్చినవాడు ప్రభువు. కట్లు విప్పు పనిని మాత్రము ఆయన దగ్గర నిలిచియున్న జనులకు అప్పగించెను. ఈ మాటను మనము త్వరగా దాటిపోవుదుము.

ఊపిరితిత్తుల మార్పిడి పొందినవారిని గూర్చి తలంచునప్పుడు ఆ కట్లు నాకు జ్ఞాపకమునకు వచ్చుచున్నవి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అను వ్యాధి తలిదండ్రులిద్దరినుండియు వచ్చు జన్యులోపమువలన కలుగును. ఆ జన్యువును 1989లో కనుగొనిరి. శ్లేష్మము చిక్కనై ఊపిరితిత్తులను పాడుచేయును. మన దేశములో దీనిని క్షయయనియో ఉబ్బసమనియో పొరబడుట కద్దు. 1963లో అమెరికాలో మొట్టమొదట ఊపిరితిత్తి మార్పిడి పొందిన మనుష్యుడు, అతని వ్యాధి వేరైనను, 18 దినములే జీవించెను. నేడు ఈ చికిత్స హైదరాబాదులోనే జరుగుచున్నది. మరణించినవారి అవయవములను రోగులకు చేర్చు జీవన్‌దాన్ పథకము 2013లో ఆరంభమాయెను.

అయితే క్రొత్త ఊపిరితిత్తులలో ఆ వ్యాధి లేకపోయినను తక్కిన దేహములో ఉన్నది. క్లోమము చెడి మధుమేహము వచ్చును, ప్రేగులు బిగిసికొనును. ముక్కు లోపలి గదులలో దాగిన క్రిములు క్రొత్త ఊపిరితిత్తులలోనికి దిగును. దేహము వాటిని పరాయివని త్రోసివేయకుండ జీవితాంతము మాత్రలు మ్రింగవలెను. ఆ మాత్రలే మూత్రపిండములను దెబ్బతీయును. సుమారు సగము మందికి అయిదేండ్లలోగా సన్నని గాలిగొట్టములు మూసికొనిపోవుట ఆరంభమగును. అయినను ఏండ్ల తరబడి పనిపాటలు చేసికొనుచు బ్రదుకువారు కలరు.

ఇట్టి సహోదరుడు మన కొల్లేటి పల్లెకు తిరిగి వచ్చెననుకొనుడి. మనము పందిరి వేసి స్తుతికూడిక పెట్టుదుము. మంచిదే. దగ్గు జలుబు గలవారు మాత్రము ఆ దినమున ఇంటనే యుండి ప్రార్థించిన చాలును. బూజుపట్టిన గడ్డివాము విప్పు పని అతనికి చెప్పకుడి. ప్రేమతోనే గాని పంపరపనసపండు తీసికొనిపోకుడి. అది ఆ మాత్రల బలమును రక్తములో మితిమీర పెంచగలదు. ఊపిరితిత్తులు మారినను చెమట మారదు. రోహిణీకార్తె ఎండలో అతని ఒంటినుండి ఉప్పు మెండుగా పోవును గనుక, ఉప్పు మానుమని మనము సలహా చెప్పరాదు. అది వైద్యుడు తేల్చవలసిన సంగతి.

స్వస్థత కలిగెను గదా, ఇంక మాత్రలేల అని పలుకు బోధకులు ఉన్నారు. అది విశ్వాసము కాదు, సహోదరుని ప్రాణముతో ఆడుకొనుటయే. మాత్రలు మానిన యెడల దేహమే ఆ ఊపిరితిత్తులపై తిరుగబడును. పసరుమందులును అట్టివే, వైద్యునికి తెలియక ఇయ్యకూడదు.

మందులకును హైదరాబాదు ప్రయాణములకును నెలనెలా ఖర్చు తగులును. మొదటి నెల చందా ఇచ్చిన చేతులు ముప్పదియవ నెలలోను కావలెను. అతనికి జ్వరము తగిలినయెడల తెల్లవారువరకు ఆగరాదు. ఆ రాత్రి గట్టుమీదుగా ఏలూరికి బండి ఎవరు తోలెదరో, వెంట ఎవరు వెళ్లెదరో సంఘపెద్దలు ముందుగానే నిర్ణయించి అతని ఇంటివారికి తెలియజేయవలెను.